వదలిన చేప బ్రదుకునా?

ఈ రజతోత్సవమున పురాణ విషయమేదైన ప్రసంగింపుమని కార్యకర్తలు నన్ను కోరిరి. నేను చేపను గూర్చి చెప్పదలచితిని. చేపయు పురాణ విషయమే కదా!

మనువు చేతులు కడుగుకొనుచుండగా ఒక చిన్న చేప ఆయన చేతిలో పడినదని శతపథ బ్రాహ్మణము చెప్పుచున్నది. ఆయన దానిని గిరాటువేసి పోలేదు. పెద్దచేపలు చిన్నవానిని మ్రింగునని ఆ చేపయే చెప్పగా, మొదట కుండలోను, పెరిగిన పిమ్మట గోతిలోను ఉంచి, అపాయము దాటిన తరువాతనే సముద్రమున విడిచెను. పట్టుటకును విడుచుటకును నడుమ నేమి చేసితిమన్నదే ముఖ్యము. నేటి శాస్త్రజ్ఞులును దానినే పరిశోధించుచున్నారు.

గాలముతో పట్టి తిరిగి నీట విడుచు వినోదము పడమటి దేశములలో విరివిగా గలదు. మన పొరుగున కర్ణాటకములో, కావేరీ నదిలో, మహసీరు అను పెద్ద చేపను అనేక సంవత్సరములు ఇట్లే పట్టి విడిచిరి. గాలిబోరె అనుచోట 1998 నుండి 2012 వరకు పట్టిన చేపలను పుస్తకములో వ్రాసియుంచిరి. లెక్కలు వ్రాయు వృత్తివాడనగుటచే నాకీ భాగము మిక్కిలి ప్రీతికరము! ఆ పుస్తకములను పరిశీలింపగా, కావేరికి సహజమైన మూపు మహసీరు సన్నగిల్లి, బయటినుండి తెచ్చి వదలిన నీలిరెక్కల జాతి హెచ్చినట్లు తేలినది. 2018లో మూపు మహసీరునకు శాస్త్రనామము స్థిరపడెను. ఆ యేడే అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమాఖ్య దానిని మిక్కిలి అపాయస్థితిలోనున్న జాతులలో చేర్చినది. మేలు చేయుదమని వదలిన చేపలే నదిలోని చేపకు పోటీయైనవన్నమాట.

ఇక వదలిన చేప సంగతి. గాలమునకు చిక్కిన చేప పెనుగులాడి యలయును. పరుగెత్తిన మనిషి కండరములలో వలెనే దాని కండరములలోను ఆమ్లము పేరుకొనును. ఆ యలసటలో దానికి ఊపిరి మిక్కిలి యవసరము. సరిగా అప్పుడే మనము దానిని గాలిలోనికి లేవనెత్తుదుము! మొప్పల సన్నని రేకులు నీటిలో విడివడి యుండును. గాలిలో తడిసిన కాగితములవలె ఒకదానికొకటి అంటుకొనును. 1992లో ప్రకటింపబడిన ఒక పరిశోధన చూడుడు. అలసిన ట్రౌట్ చేపలను గాలి సోకనీయక నీటనే యుంచగా, 12 గంటల తరువాత నూటికి 88 బ్రదికియున్నవి. అర నిమిషము గాలిలో నుంచినవి నూటికి 62. ఒక్క నిమిషమైనచో 28 మాత్రమే. ట్రౌట్ చలినీటి చేప, నిజమే. మన కొరమీను గాలి పీల్చగలదు గనుక కొంత తాళుకొనును. బొచ్చె, శీలావతులకు ఆ శక్తి లేదు.

అనేక జాతుల లెక్కలు కలిపి 2005లో ఒక సమీక్ష వెలువడినది. విడిచిన చేపలలో సగటున నూటికి 18 చచ్చునట. కొన్ని సందర్భములలో ఒక్కటియు చావదు, మరికొన్నిట 95 చచ్చును. ఇంత అంతరమేల? గాలము పెదవికి తగులుట వేరు, గొంతులో దిగుట వేరు. గొంతులో దిగినదానిని పెరికినచో నెత్తురు పోవును. దారమును కోసి విడుచుటయే మేలు. నీరు వేడెక్కినకొలది ప్రాణవాయువు తగ్గును. మన కుందూ మడుగులలో వైశాఖమాసపు మధ్యాహ్నము చేప కెంత కష్టమో యూహింపుడు.

యువకులారా, మీకే చెప్పుచున్నాను. కాలువగట్టున పిల్లచేపను పట్టి, ఎండిన చేతులతో బిగించి, సెల్‌ఫోనుతో నాలుగు బొమ్మలు తీయించుకొని, పాపము పోనిమ్మని విసరుచున్నారు. చేప యొంటి జిగురే దానికి కవచము. పొడిచేయి, తుండుగుడ్డ, వేడి యిసుక ఆ కవచమును ఊడ్చివేయును. పిమ్మట బూజు పట్టును. మన కండ్లయెదుట ఈదిపోయినదే మూడునాళ్లకు చావవచ్చును. విడిచినంతనే బ్రదికినట్లు జమకట్టిన లెక్క దొంగలెక్క. కడుపుకూటికై పట్టి వండుకొను జాలరి వీరికంటె మంచివాడని నా యభిప్రాయము. ఎవరైన నొచ్చుకొన్నను సరే.

విడువదలచినవారు గాలపు మొనవద్ద వెనుకకు తిరిగిన చిన్న ముల్లును ముందే నొక్కివేయుడు. చేపను త్వరగా లాగుడు, చేతులు తడుపుకొనుడు, నీటిలోనే గాలము విప్పుడు. అలసియున్నచో ప్రవాహమునకు ఎదురుగా తలయుంచి, కడుపుక్రింద మెల్లగా చేయి యానించి పట్టుకొనుడు. తోక తానై కొట్టి చేతినుండి జారిపోవువరకు తొందరపడకుడు.