వరిచేను నిలిపిన వాన

సర్ ఆర్థర్ కాటన్ ధవళేశ్వరమువద్ద 1852 నాటికి ఆనకట్ట పూర్తిచేసెను. నాటినుండి గోదావరి డెల్టాలో పంట కాలువలు మెరకలమీదుగా పోవుచున్నవి. పొలములు విడిచిన నీరు పల్లపు మురుగు కాలువలలోబడి, సముద్రమువైపు సాగును.

ఈ రెంటినడుమనున్న వరిచేను ఒక చెరువువంటిది. రెండంగుళముల వాన కురిసినచో ఎకరమున పడునది సుమారు రెండు లక్షల లీటర్లు! గట్లు దానిని నిలిపి, మెల్లగా విడుచును. ఆ చేనినే పూడ్చి, ఇండ్లస్థలములు చేసి, సిమెంటు రోడ్లు వేసినచో ఆ నీరంతయు ఒక్కసారిగా పరుగిడును. మురుగు కాలువ వెడల్పు మాత్రము పెరుగదు. సముద్రము పోటుమీదనున్న వేళయైతే ఇక చెప్పనక్కరలేదు.

ఇంజనీర్లు వాన జోరును, వైశాల్యమును, నేల స్వభావమును తెలుపు గుణకమును కలిపి గుణింతురు. గట్టున్న చేనికి ఆ గుణకము స్వల్పము. పైకప్పునకు, రోడ్డుకు ఒకటికి చేరువ. 1971లో అమెరికాలో రూపొందిన కంప్యూటరు నమూనా మాలిన్యమునుగూడ అంచనా వేయును.

నా భయమంతయు ఆ మాలిన్యమును గురించియే. తొలిజల్లు రోడ్డుమీది చమురును, పేడను, చెత్తను కడిగి తెచ్చును. మన పల్లెల మంచినీటి చెరువులు నిండునది పంట కాలువ నీటితోనే గదా! మురుగు కాలువ దూరమని, లేఅవుటు గొట్టమును పంట కాలువలోనికి త్రిప్పినచో దిగువ ఊరు త్రాగునదేమి?

లేఅవుటులో పల్లపు మూలనొకదానిని చెరువుగా విడిచినచో తొలిజల్లు అందు నిలిచి, మట్టి అడుగునకు దిగును. ప్లాను గీయునప్పుడే ఆ మూలను గుర్తింపవలెను. పూడిక మట్టి లారీలు వచ్చిన పిదప దానిని వెదకుట కష్టము.