కార్తీకంలో కలుద్దాం

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

సంఘం కార్యదర్శిగారు ఫోన్ చేసి, "నువ్వు ఇంజనీరువి కదా, ఏదైనా టెక్నాలజీ మీద మాట్లాడు" అన్నారు. టెక్నాలజీ సంగతి మీ పిల్లలు నాకంటే బాగా చెబుతారు. నేను శరదృతువు గురించి మాట్లాడతాను. చివర్లో మీ ముందు ఒక ప్రతిపాదన పెట్టాలి. అది ఈ ఋతువుతోనే ముడిపడి ఉంది.

ముందు ఒక తికమక తీర్చుకుందాం. ఇంగ్లీషు క్లాసులో ‘ఆటమ్’ అనే మాటకు శరదృతువు అని అర్థం రాసుకున్నాం. పుస్తకంలో బొమ్మ చూస్తే ఎర్రటి ఆకులు రాలుతూ ఉండేవి. కిటికీలోంచి బయటికి చూస్తే మన చేలు మోకాలి పైదాకా పచ్చగా ఉండేవి. మనకు ఆకులు రాలేది శిశిరంలో, మాఘ ఫాల్గుణాల్లో. అమెరికాలో ఉన్న మా అమ్మాయి ప్రతి అక్టోబరులో ఫొటోలు పంపుతుంది. కొండకి కొండే నిప్పు రంగులో ఉంటుంది. చాలా బాగుంటుంది, కాదనను. కానీ అక్కడ చెట్టు చలికి సర్దుకుంటూ ఉంటుంది. ఇక్కడ నీరు తేరుకుంటూ ఉంటుంది.

తేరుకోవడం అనే మాట నా ఉద్యోగంలోది. ముప్పై ఏళ్లుగా కాలువలూ లాకులూ గేట్లూ చూస్తున్నాను. జూలై, ఆగస్టు నెలల్లో గోదావరి ఎర్రగా, ఒండ్రు మోసుకుంటూ వస్తుంది. సెప్టెంబరు దాటాక ఎగువన వానలు తగ్గి ప్రవాహం నెమ్మదిస్తుంది. వేగం తగ్గిన నీరు మట్టిని మోయలేదు, అడుగుకు దించేస్తుంది. కార్తీక స్నానానికి రేవులో దిగితే కాలివేళ్లు కనిపించేది అందుకే. ఆకాశం సంగతీ అంతే. నాలుగు నెలల వాన గాలిలోని దుమ్మును కడిగేస్తుంది. నైరుతి వెనక్కి మళ్లాక పొడిగాలి మొదలవుతుంది. ఆశ్వయుజ పౌర్ణమి వెన్నెలకి ఆ తెలుపు ఊరికే రాలేదు.

వనభోజనాలు ఈ నెలల్లోనే ఎందుకు పడ్డాయి? కార్తీక పురాణం చెప్పే కారణం మీకందరికీ తెలుసు. నాకు ఇంకొకటి కూడా కనిపిస్తుంది. నాట్లు అయ్యాయి, కలుపులు అయ్యాయి, వరి ఈనుతోంది, కోతలకు ఇంకా వ్యవధి ఉంది. రైతుకీ కూలికీ కాస్త చేతులు ఖాళీ అయ్యే రోజులివే. ఖాళీయే గాని నిశ్చింత కాదు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచింది కార్తీక మాసంలోనే. 1996 నవంబరు 6న కోనసీమ కొబ్బరి నేలకు ఒరిగింది దీపావళి ముందు. 2014లో హుద్‌హుద్ విశాఖను తాకింది అక్టోబరు 12న. పంట చేతికి వచ్చేదాకా మన నాన్నలు రేడియోకి చెవులప్పగించి ఉండేవారు. వనభోజనంలో పులిహోర తింటూ కూడా తూర్పు దిక్కుకు ఒకసారి చూసేవారు. ఆ భయం తెలిసినవాళ్లు కనుకే ఆ ఒక్కపూటను అంత ఇష్టంగా గడిపేవారేమో.

తిండి మాట వచ్చింది గనక కాసేపు అక్కడే ఉంటాను, తొందర లేదు. అట్లతద్దికి తెల్లవారకముందే ఆడపిల్లలు లేచి, గోంగూర పచ్చడీ పెరుగన్నమూ తిని, వీధంతా నిద్ర లేపి ఉయ్యాల చెట్టుకు పరిగెత్తేవారు. సాయంత్రం వాయనం అట్లు ఇచ్చేవారు. ఆ అట్ల కోసం మగపిల్లలం అక్కచెల్లెళ్లతో నాలుగు రోజుల ముందునుంచీ మంచిగా ఉండేవాళ్లం. నాగుల చవితికి చలిమిడి, చిమ్మిలి. ఆ రోజుల్లోనే తేగలు మొదలవుతాయి. కుంపట్లో కాల్చిన తేగకు, ఉడకబెట్టిన తేగకు ఉన్న తేడా మీద మా ఇంట్లో రెండు పార్టీలుండేవి. నాది కాల్చిన తేగ పార్టీ. కంద బచ్చలి కూర, గుమ్మడికాయ దప్పళం, కొత్త ఉసిరి తొక్కు. ఉసిరికాయ కొరికి మంచినీళ్లు తాగితే నోరంతా తియ్యబడటం అనే ప్రయోగం సైన్సు క్లాసులో ఎవరూ చెప్పలేదు, మనమే కనిపెట్టాం. పులస రోజులు అప్పటికే వెళ్లిపోతాయి. కార్తీకం అని చాలామంది నీచు మానేస్తారు గనక కోడి ధర దిగుతుంది. నిష్ఠ లేనివాళ్లకు కూడా ఈ నెల పుణ్యం ఇస్తుందన్నమాట.

మా ఆవిడది పాలమూరు వైపు. అటు సంబంధం కలిశాక నా శరత్తు రెండింతలైంది. బాలానగర్ సీతాఫలాలు గంపల్లో రోడ్డు పక్కకు వచ్చేది ఈ రోజుల్లోనే. భాద్రపద అమావాస్య నాడు ఎంగిలిపూల బతుకమ్మతో మొదలై, దుర్గాష్టమి నాటి సద్దుల బతుకమ్మ దాకా ఆ ఇల్లు తంగేడు, గునుగు పూలతో నిండిపోతుంది. చివరి రోజు చెరువు దగ్గర పెరుగన్నం, నువ్వుల పొడి కలిపిన అన్నం, మలీద ముద్దలు పంచుకుంటారు. గునుగుపూలకు రంగులద్దే పని అల్లుడిగా నాకు అప్పగించారు. పాతికేళ్లయినా ప్రమోషన్ రాలేదు.

తిరగాలంటే కూడా ఇదే కాలం. అరకు, పాడేరు కొండల మీద వలిసె పూలు పసుపు దుప్పటి పరిచేది ఇప్పుడే. విశాఖ నుంచి రైల్లోనే వెళ్లండి. కొత్తవలస - కిరండూల్ మార్గంలో సొరంగం చీకటి, లోయ వెలుగు, మళ్లీ సొరంగం వస్తుంటే మనవలు కేకలేస్తారు, ఆ కేకలకైనా వెళ్లాలి. పాపికొండలకు వెళ్లేవాళ్లకు మాత్రం ఒక మాట, ఇది ఇంజనీరుగా చెబుతున్నాను. నది తేరుకున్నాకే వెళ్లండి. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు మునిగిన రోజు గోదావరి వరదలో ఉంది. కొండల మధ్య నది ఇరుకవుతుంది, అక్కడ సుడులు పైకి కనిపించే దానికంటే లోపల బలంగా ఉంటాయి. లైఫ్ జాకెట్టు ఫొటో కోసం వేసుకుని తర్వాత విప్పేయకండి. పంచారామాలు ఒక్కరోజులో చూపించే బస్సులు ఉన్నాయి. అమరావతి నుంచి ద్రాక్షారామం దాకా అయిదు గుళ్లూ తిరిగిన పుణ్యం దక్కుతుంది, నిజమే. నా మట్టుకు ఒక్క గుడికి వెళ్లి, కోనేటి గట్టున గంటసేపు కూర్చుని రావడం ఇష్టం.

ఇక అసలు విషయానికి వస్తాను.

1986 ఆగస్టు మనలో ఎవరూ మరిచిపోయి ఉండరు. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కుల నీరు వచ్చింది. మూడో ప్రమాద హెచ్చరిక 17.75 అడుగులకు ఇస్తారు. ఆ ఏడు నీటిమట్టం 24 అడుగులు దాటింది. ఏటిగట్లు తెగాయి. మన బడి తరగతి గదుల్లో లంకల నుంచి వచ్చిన కుటుంబాలు బెంచీలు కలిపి వాటి మీద పడుకున్నాయి. బడి మళ్లీ తెరిచేసరికి బల్లల సొరుగుల్లో ఒండ్రు గట్టిపడి ఉంది.

ఆ ఏడు వనభోజనం ఉండదనుకున్నాం. నవంబరులో లెక్కల మాస్టారు పదో తరగతికి వచ్చి, "ఆదివారం కాలువ అవతల మామిడితోటకు పోతున్నాం. ఎవరింట్లో ఏది మిగిలితే అది తెండి. ఏదీ మిగలకపోతే చేతులు తెండి" అన్నారు. తోటలో చెట్ల మొదళ్ల మీద మనిషెత్తున వరద చార ఉంది. కింద ఒండ్రు ఎండి పెంకుల్లా పగిలి ఉంది. తలా గుప్పెడు బియ్యం, రెండు వంకాయలు, సగం గుమ్మడికాయ తెచ్చాం. లంక నుంచి పడవ మీద బడికి వచ్చే ఒక మిత్రుడు కాగితం పొట్లంలో ఉప్పు తెచ్చి, ఇవ్వాలా వద్దా అని వెనకే నిలబడ్డాడు. మాస్టారు ఆ పొట్లం అందుకుని, "ఇది లేకపోతే ఇవన్నీ ఎవడు తింటాడ్రా" అని ముందు దాన్నే వంట దగ్గర పెట్టించారు.

తర్వాత కిరసనాయిలు డబ్బా మూతలో చీటీలు వేశారు. వంట, నీళ్లు, కట్టెలు, వడ్డన, అంట్లు. ఎవరికి ఏది వస్తే అది చేయాల్సిందే. వంట చీటీ వచ్చిన అయిదుగురిలో ఇద్దరు, ఆ రోజుల్లో మనలో కొందరి ఇళ్లలో వరండా దాటి లోపలికి రానివ్వని ఇళ్ల పిల్లలు. అంట్ల చీటీ వచ్చినవాళ్లలో ఊళ్లో పెద్ద మేడవాళ్ల అబ్బాయి ఉన్నాడు. వడ్డన మొదలయ్యాక ఒకరిద్దరు విస్తరి ముందు కూర్చుని చెయ్యి కలపలేదు. మాస్టారు ఏమీ అనలేదు. వాళ్ల మధ్యలో జరిగి కూర్చుని, మొదటి ముద్ద ఆయన తిని, "పప్పు బాగా కుదిరింది, ఇంకాస్త వెయ్యి" అన్నారు. అంతే. కాసేపటికి అందరం మారు వడ్డించుకున్నాం.

ఇప్పుడు కార్తీక ఆదివారాలు ఎలా ఉన్నాయో మీకు తెలుసు. జంక్షన్‌లో ఫ్లెక్సీలు చూస్తే చాలు, ప్రతి కులానికీ ఒక వనభోజన మహోత్సవం. ముఖ్య అతిథి, మైకు, శాలువాలు. నాకూ ఏటా ఆహ్వానం వస్తుంది. బంధువులు కలుసుకోవడం తప్పని నేననను. అక్కడ పెళ్లి సంబంధాలు కుదురుతాయి, పేద పిల్లలకు ఫీజులు కట్టేవాళ్లూ దొరుకుతారు. కానీ నిరుడు ఒకే తోటలో, ఒకే ఆదివారం నాలుగు టెంట్లు వేశారు. మా బ్యాచివాళ్లం ముగ్గురం మూడు టెంట్లలో భోజనం చేశాం. నలభై అడుగుల దూరంలో ఉన్నామని సాయంత్రం వాట్సాప్ గ్రూపులో ఫొటోలు చూసుకున్నాక తెలిసింది. అందులో ఒకరు ఆ ఉప్పు పొట్లం మిత్రుడు. చాలా ఏళ్ల తర్వాత దుబాయి నుంచి వచ్చాడు, మర్నాడే వెళ్లిపోయాడు.

నా ప్రతిపాదన ఇది. ఏటా కార్తీకంలో రెండో ఆదివారం మన బడి వనభోజనం జరగాలి. ఆ మామిడితోట ఇప్పుడు ప్లాట్లయిపోయింది గనక, బడి వెనక వేపచెట్ల కింద పెట్టుకుందాం. అక్కడ ఉసిరి చెట్టు కూడా ఉంది, చిన్నదే గాని కాయలు కాస్తోంది. ఫ్లెక్సీ వద్దు, మైకు వద్దు, ముఖ్య అతిథి వద్దు. క్యాటరింగ్ కూడా వద్దు. వంట మనమే చేద్దాం, పనులు చీటీలతోనే పంచుకుందాం. దీనికి ఇంకో లాభం ఉంది. మామూలు వనభోజనాల్లో మగవాళ్లు పేక ముందు, ఆడవాళ్లు పొయ్యి ముందు కూర్చుంటారు. చీటీకి ఆ తేడా తెలియదు. మన అక్కయ్యలు చప్పట్లు కొడుతున్నారు, కార్యదర్శిగారు గమనించాలి.

పంక్తి ఒకటే. మోకాళ్ల నొప్పులవాళ్లకు బల్లలు వేద్దాం, కాని వాళ్లను విడిగా కూర్చోబెట్టొద్దు, పంక్తి చివరనే వేద్దాం. పిల్లల్నీ మనవల్నీ తీసుకురండి, వాళ్లకూ చీటీలుంటాయి. ఇప్పుడు బడిలో చదువుతున్న పదో తరగతివాళ్లను ముందు పిలవాలి. వాళ్లు లేకుండా మనం మాత్రమే కలిస్తే అది పాతవాళ్ల విందు అవుతుంది. విదేశాల్లో ఉన్నవాళ్లు సంక్రాంతికి బదులు ఒక్క ఏడైనా కార్తీకానికి టిక్కెట్టు తీసుకోండి. తుఫాను హెచ్చరిక ఉంటే తర్వాతి ఆదివారానికి మార్చుకుందాం. వాతావరణ శాఖ బులెటిన్లు చూసే పని నాది.

లెక్కల మాస్టారు ఇక్కడే మొదటి వరసలో ఉన్నారు. నిన్న ఇంటికి వెళ్లి ఆయన అనుమతి తీసుకున్నాను. చీటీలు ఆయనే తీస్తారు. ఆయనకు కూడా ఒక చీటీ ఉండాలని పట్టుబట్టారు, వంట వచ్చినా ఫరవాలేదన్నారు. బయట బల్ల మీద రిజిస్టరు పెట్టాం. పేరు, ఎంతమంది వస్తారు, ఏం తెస్తారు అనేవి రాయండి. షుగరు మాత్రలవాళ్లు మనలో సగం మంది ఉన్నారు గనక విస్తళ్లు పన్నెండున్నరకే వేస్తాం. ఆలస్యంగా వచ్చినవాళ్లకు అంట్ల చీటీయే. సెలవు.