తీర్పు ఎవరి చేతిలో: పురానాపూల్ పరిసరాల్లో పునరుత్థాన విశ్వాసం



ఇబ్రహీం కుతుబ్ షా పాలనలో, 1578లో, మూసీనదిపై 22 కమానులతో నిర్మించిన పురానాపూల్ పరిసరాల్లో మరణానంతర స్థితిని గురించిన భిన్న విశ్వాసాలు తరతరాలుగా ఇరుగుపొరుగున జీవిస్తున్నాయి. నది ఒడ్డున శ్మశానవాటికలో చితికి నిప్పు పెట్టే కుటుంబానికి దేహం ఇక్కడితో ముగిసేది, ఆత్మ మరో జన్మకు సాగిపోయేది. పాతబస్తీ ఖబరస్తాన్‌లో మట్టి వేసే కుటుంబానికి ఖియామత్ నాడు ప్రతి మనిషీ లేచి లెక్క అప్పగించవలసినవాడు. నారాయణగూడ సమాధుల తోటకు తమ మనిషిని మోసుకుపోయే క్రైస్తవ కుటుంబానికి ఆ దేహమే క్రీస్తు రాకడలో మహిమతో లేవవలసినది. కాబట్టి ఈ నగరంలో పునరుత్థానం గురించి మాట్లాడే బోధకుడికి ఏమీ తెలియని శ్రోతలు దొరకరు. పాతబస్తీ ముస్లింకు మృతులు లేవడం కొత్త మాట కాదు. యేసు సిలువపై మరణించి లేచాడన్న మాటనే అతడు అంగీకరించడు.

పునరుత్థానం అంటే ఆత్మకు చావు లేదని చెప్పడం కాదు. ఆత్మ చావులేనిదన్నది గ్రీకు తత్త్వవేత్తల వాదమనీ, తొలి క్రైస్తవులు నమ్మినది దేవుడు మృతుణ్ణి సంపూర్ణంగా తిరిగి లేపుతాడన్న సంగతి అనీ వేదాంతి ఆస్కార్ కుల్‌మన్ 1955లో హార్వర్డ్‌లో చేసిన ప్రసంగంలో వాదించాడు. యేసు కాలపు యూదుల్లోనే దీనిపై ఏకాభిప్రాయం లేదు. పరిసయ్యులు పునరుత్థానాన్ని నమ్మితే సద్దూకయ్యులు కొట్టివేశారు. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 15వ అధ్యాయంలో పౌలు విత్తనాన్ని ఉదాహరణగా తీసుకుని, పాతిపెట్టిన దేహానికీ లేచే దేహానికీ సంబంధం ఉంటుందనీ, అయితే లేచేది క్షయం లేనిదనీ వివరించాడు. క్రీ.శ. 381 నాటి విశ్వాస ప్రమాణం మృతుల పునరుత్థానాన్ని సంఘమంతా ఒప్పుకోవలసిన మాటగా స్థిరపరచింది. ఈస్టరు వేళ సమాధులకు సున్నం వేసి, పూలు పరచి, కొవ్వొత్తులు వెలిగించే తెలుగు క్రైస్తవుల సమాధుల పండుగ, ఏ పాఠ్యగ్రంథం కన్నా సులువుగా, ఈ ప్రమాణాన్ని పిల్లలకు నేర్పుతూ వచ్చింది.

రక్షణ, అంటే పాపం నుండీ మరణం నుండీ విడుదల, తెలుగు ప్రసంగాల్లో ఎక్కువగా న్యాయస్థానపు భాషలోనే వినబడుతుంది: మనిషి నేరస్థుడు, శిక్ష క్రీస్తు భరించాడు, నమ్మినవాడు నిర్దోషిగా విడుదలయ్యాడు. నెల్లూరులో పుట్టి పుదుక్కోట సంస్థానంలో న్యాయమూర్తిగా పనిచేసిన పండిపెద్ది చెంచయ్య (1886–1959) ఈ భాషతో తృప్తి పడకపోవడం గమనించదగినది. తీర్పులు రాయడమే వృత్తిగా గలవాడు రక్షణను విడుదల పత్రంగా కాక కొత్త సృష్టిగా చూశాడు. ఆయన దృష్టిలో లేచిన క్రీస్తు నూతన మానవజాతికి ఆరంభం, పరిశుద్ధాత్మ ఆ జాతిని రూపొందించే కొత్త శక్తి. కుంభకోణానికి చెందిన మాస్టర్ సి.వి.వి. యోగంపై ఆయన చూపిన ఆసక్తి సంఘపెద్దలకు మింగుడుపడనిదే అయినా, పునరుత్థానాన్ని కేవలం చివరిదినపు సంఘటనగా కాక ఇప్పుడే మొదలైన జీవంగా చదవడం తెలుగు నేల నుండి క్రైస్తవ వేదాంతానికి అందిన అసలైన కానుక.

ఇక అవిశ్వాసుల అంతిమ తీర్పు విషయంలో సంఘం ఒక్క గొంతుతో మాట్లాడలేదు. శిక్ష నిత్యమైనదీ స్పృహతో కూడినదీ అని అగస్టీన్ చెప్పిన వాదం పాశ్చాత్య సంఘంలో ప్రధానమైంది. చివరికి అందరూ దేవుని వద్దకు తిరిగి చేరతారన్న ఆశను ఓరిగెన్, నిస్సాకు చెందిన గ్రెగరీ వ్యక్తం చేశారు. దుష్టులు నిరంతరం బాధపడరు, రెండవ మరణంలో లేకుండాపోతారు అన్న మూడవ వాదాన్ని అడ్వెంటిస్టులు బోధిస్తుండగా, సువార్తిక నాయకుడు జాన్ స్టాట్ 1988లో దానివైపు జాగ్రత్తగా మొగ్గాడు.

వీటన్నిటి కన్నా తెలుగు గుండెకు దగ్గరైనది అసలు సువార్త వినకుండా మరణించినవారి ప్రశ్న. భీకర కరువు అనంతరం 1878 జూలై 3న ఒంగోలు ప్రాంతంలో, గుండ్లకమ్మ ఒడ్డున, ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందినప్పుడు, వారిలో ప్రతి ఒక్కరి వెనుక క్రీస్తు పేరు వినకుండానే మట్టిలో కలిసిన తాతలూ తల్లులూ ఉన్నారు. మనస్సాక్షి ప్రకారం నడిచిన అన్యుల గురించి రోమా పత్రిక రెండవ అధ్యాయం మాట్లాడుతుంది. తమ తప్పు లేకుండా సువార్త ఎరగనివారు సైతం రక్షణ పొందగలరని రెండవ వాటికన్ మహాసభ 1964లో ప్రకటించింది. ఈ ప్రశ్నకు పితరులందరూ నరకంలో ఉన్నారని తేల్చి చెప్పే బోధకుడు లేఖనం తనకివ్వని అధికారాన్ని చేతిలోకి తీసుకుంటున్నాడు.

అయితే తీర్పునే పక్కన పెట్టడం కూడా న్యాయం కాదు. చుండూరులో 1991 ఆగస్టు 6న 8 మంది దళితులు హత్యకు గురయ్యారు. ప్రత్యేక న్యాయస్థానం 2007లో విధించిన శిక్షలను హైకోర్టు 2014లో కొట్టివేసి నిందితులందరినీ విడుదల చేసింది. భూమ్మీది కోర్టు చేతులు దులుపుకున్న చోట, ధవళ సింహాసనం ఎదుట చిన్నవారూ పెద్దవారూ నిలబడతారన్న ప్రకటన గ్రంథపు మాట బాధితులకు బెదిరింపు కాదు, ఆదరణ. మత్తయి సువార్త 25వ అధ్యాయంలోని తీర్పు సన్నివేశం ఆకలిగొన్నవారికీ చెరలో ఉన్నవారికీ ఎవరేం చేశారన్నదే అడుగుతుందనీ, అక్కడ నిలబడ్డవారు తమ లెక్క చూసి ఆశ్చర్యపోతారనీ విశ్వాసులే ముందుగా గుర్తుంచుకోవలసి ఉంది. నరకం గురించి అతి ధీమాగా మాట్లాడేవారు ఈ అధ్యాయాన్ని తరచుగా దాటవేస్తారు.

భూస్థాపన ప్రార్థనలో పెట్టె పక్కన హిందూ మేనమామ, ముస్లిం పొరుగువాడు, సంఘపెద్ద ఒకే చోట నిలబడటం ఈ నగరంలో సాధారణం. అటువంటి చోట క్రీస్తు లేచాడన్న మాటను నేడు వేదాంత విద్యలో పట్టాలు అందుకుంటున్న పట్టభద్రులు ఏ సంకోచమూ లేకుండా చెప్పాలనీ, అక్కడున్న ఏ ఒక్కరి పితరుల గతినీ తమ నోటితో నిర్ణయించవద్దనీ ఈ స్నాతకోత్సవ వేదిక నుండి మనవి.