ఇల్లాలి పళ్ళెం



ఇవాళ మధ్యాహ్నం మీరు ఎన్ని గంటలకు భోంచేశారు? కూర్చుని తిన్నారా, లేక వంటగట్టు దగ్గర నిలబడి గిన్నెల్లో మిగిలింది ఊడ్చుకున్నారా? అడిగానని కోపం తెచ్చుకోకండి. ఈ ప్రశ్న ముందు నన్ను నేనే వేసుకున్నాను. వేసుకునేలా చేసింది దేవరకొండ పక్కన ఒక పల్లెలోని అంగన్‌వాడీ కేంద్రం.

మధ్యాహ్నం వేళ. నలుగురు గర్భిణులు చాప మీద వరసగా కూర్చున్నారు. ముందు అన్నం, పప్పు, ఆకుకూర, ఉడికించిన గుడ్డు, గ్లాసుతో పాలు. ఒక చిన్న కోడలు గుడ్డును కొంగున ముడివేసుకోబోయింది. "ఇంటికాడ మా పెద్దోడు చూస్తుంటడు టీచరమ్మా" అంది. టీచరు నవ్వి, "వాని గుడ్డు వానికున్నది బిడ్డా. ఇది నీది, నీ కడుపుల ఉన్నదానిది. ఈడనే తిను" అంది. ఆ పిల్ల సిగ్గుపడుతూనే తిన్నది.

"ఈడనే తిను" - అసలు సంగతంతా ఆ మాటలోనే ఉంది. అంగన్‌వాడీలు మనకు కొత్త కాదు. 1975 అక్టోబరు 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకంతో వచ్చాయి. కాని తల్లి కోసమని ఇంటికి పంపే తిండి ఏమవుతుందో మనకు తెలియనిదా? పిల్లలకింత, మామగారికింత పెట్టగా, ఎవరి కోసం ఇచ్చారో ఆమెకు దక్కేది ఒక ముద్ద! తెలంగాణలో 2015 జనవరి 1న మొదలైన ఆరోగ్యలక్ష్మి పథకం గర్భిణులకు, బాలింతలకు కేంద్రంలోనే ఒక పూట నిండు భోజనం పెట్టే ఏర్పాటు చేసింది. రోజూ ఒక గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు, ఐరన్ మాత్ర కూడా అందులో భాగం.

నల్లగొండ అనగానే ఫ్లోరైడు నీళ్ళు గుర్తొస్తాయి. లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లీగ్రాములకు మించితే అది ఎముకలకూ పళ్ళకూ చేటు. మునుగోడు, మర్రిగూడ ప్రాంతాల్లో వంగిన కాళ్ళు మనం చూసినవే. ఇప్పుడు కృష్ణా నీళ్ళు చాలా ఊళ్ళకు చేరాయి. అయితే నీళ్ళొక్కటే కాదు, తిండి కూడా కావాలి. పాలు, ఆకుకూరలు, ఉసిరి, నిమ్మ తినే ఒంటికి ఫ్లోరైడు చేసే హాని కొంత తగ్గుతుంది. మన పెద్దలు వండిన తైదల అంబలినే చూడండి. వంద గ్రాముల తైదల్లో, అదే రాగుల్లో, దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. బియ్యంలో పదికి అటూ ఇటూ మాత్రమే. పాలమూరు ఇళ్ళలో జొన్నరొట్టె, పుంటికూర రోజువారీ తిండిగా ఉండేవి. పట్నం వచ్చాక వాటిని పేదల తిండి అని మనమే పక్కన పెట్టాం.

పల్లెలో కోడలిని కూర్చోబెట్టి తినిపించే టీచరు ఉంది. మరి మనల్ని కూర్చోబెట్టేదెవరు? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో సగం మందికి పైగా స్త్రీలకు రక్తహీనత ఉందని తేలింది. పట్నం ఆడవాళ్ళూ అందులో ఉన్నారు.

అందుకని ఒక మాట చెబుతాను, వినండి. మీ వాడలో నలుగురైదుగురు కలవండి. వారానికి ఒక మధ్యాహ్నం ఒకరింట్లో కూర్చుని తినండి. ఒకరు జొన్నరొట్టెలు, ఒకరు తోటకూర పప్పు, ఒకరు పెరుగు తెస్తే సరి. అన్నం పూర్తిగా మానక్కరలేదు. తిన్న వెంటనే టీ మాత్రం వద్దు. అది తిండిలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. గంటసేపు ఆగండి. ఉప్పు లెక్క కూడా అక్కడే చూసుకోండి. మనిషికి రోజుకు 5 గ్రాములు, అంటే ఒక చెంచా చాలు. ఆ లెక్కన నలుగురున్న ఇంటికి కిలో ప్యాకెట్టు, పచ్చళ్ళూ అప్పడాలూ కలుపుకుని, యాభై రోజులు రావాలి. మీ ఇంట్లో ఎన్నాళ్ళు వస్తున్నదో ఈసారి తారీఖు రాసి పెట్టండి.

మిగిలిన ఆరు రోజులూ ఇంట్లో అందరితో పాటే కూర్చోండి. అత్తగారు ఏమంటారో అని జంకకండి. "మీరూ రండత్తయ్యా, కలిసి తిందాం" అనండి. ఆమె కూడా ఏళ్ళ తరబడి చివరనే తిన్నది గదా!

ఇల్లాలు కడుపునిండా తింటే ఇంట్లో ఎవరికీ ముద్ద తగ్గిపోదు. రేపు వడ్డించేటప్పుడు మీ పళ్ళెం కూడా ముందే పెట్టుకోండి. సెలవు.