కొల్లేటి లంకలకు పడవలో

పెదవేగి నుంచి ఓ కుటుంబం కొల్లేటి లంకల్లో గుడారం వేసుకోవాలనుకుంది అనుకుందాం. ముందు కావాల్సింది గుడారం కాదు, అటవీ శాఖ అనుమతి. ఎందుకంటే 1999 నుంచి కొల్లేరు సరస్సు అభయారణ్యం.

అనుమతి రాకపోతే? పగలు పడవ, రాత్రి గుడారం సరస్సు బయట, తెలిసినవాళ్ల తోటలో.

ఎప్పుడు వెళ్లాలి? నవంబరు, ఫిబ్రవరి మధ్య. వానలు తగ్గుతాయి, వలస పక్షులు దిగుతాయి. కైకలూరు పక్కన ఆటపాకలో పడవెక్కితే గూడబాతుల గుంపులు కనిపిస్తాయి. కొల్లేటికోటలో పెద్దింట్లమ్మ అమ్మవారిని దర్శించుకోవచ్చు.

పడవలో పిల్లలకీ పెద్దలకీ లైఫ్ జాకెట్లు ఉండాలి. తాగునీళ్లు ఇంటి నుంచే తీసుకెళ్లాలి. దోమతెర, టార్చిలైటు మరవకూడదు. పొద్దుగూకకముందే ఒడ్డు చేరాలి.

మరోసారి చెప్పుకుందాం: లంకలో గుడారం వేయాలంటే అనుమతి, లైఫ్ జాకెట్టు, మంచినీళ్లు. ఈ మూడూ సిద్ధమయ్యాకే పడవవాడితో బేరం.