సంఘము, సొసైటీ, లెక్కల పుస్తకము



మన తెలుగులో ఆదివారము ఆరాధనకు కూడేదీ సంఘమే, పాలు పోసే రైతులదీ సంఘమే, రిజిస్ట్రారు కార్యాలయములో నమోదైన సొసైటీయు సంఘమే. మాట ఒక్కటైనది మంచిదే. అపొస్తలుల కార్యములు ఆరవ అధ్యాయములో కొందరు విధవరాండ్రకు అనుదిన పరిచర్యలో లోపము జరుగుచున్నదని సణుగుడు పుట్టగా, ఏడుగురిని ఏర్పరచి ఆ పని అప్పగించిరి. 1860 నాటి సొసైటీల రిజిస్ట్రేషను చట్టమును కనీసము ఏడుగురు కావలెనన్నది. చట్టము వ్రాసినవారు బైబిలు చూచి వ్రాసిరని మేమనము గాని, లెక్క మాత్రము కలిసినది.

దయగల మనిషి ఒక్కరు చాలరా అని అడుగువారున్నారు. చాలుదురు, ఆ మనిషి బ్రతికియున్నంత కాలము. నిజామాబాదు దగ్గర డిచ్‌పల్లిని చూడుడి. డాక్టరు ఇసబెల్ కెర్ అమ్మగారు 1907లో మన దేశమునకు వచ్చిరి. ఇంటివారే వెలివేసిన కుష్ఠు రోగులను చేరదీసిరి. ఆసుపత్రికి ధనమిచ్చినవారిలో ముఖ్యులు రాజా నర్సాగౌడ్ గారు, హిందువు. ఈ సంగతి మనము మరువరాదు. అమ్మగారు 1932లో కన్నుమూసిరి. ఆసుపత్రి మూతపడలేదు. ఆమె వెనుక మెథడిస్టు మిషనరీ సొసైటీ ఉన్నది. ఒకరు పోయినచోట మరియొకరిని నిలుపగలిగినది. చాల్‌మూగ్రా నూనె సూదుల కాలము పోయి, 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బహుళ ఔషధ చికిత్సను సిఫారసు చేయువరకు, ఆ పిమ్మటను, రోగి వచ్చినప్పుడు తలుపు తీయువారు ఉండిరి.

అయితే సొసైటీ అనగా బోర్డు, రబ్బరు ముద్ర కాదు. 1860 చట్టము ప్రకారము సొసైటీ రద్దయినను మిగిలిన ఆస్తిని సభ్యులు పంచుకొనరాదు. అది మరియొక సొసైటీకే చెందవలెను. అది మనది కాదు, పేదలది. కనుకనే లెక్క అవసరము. పౌలు యెరూషలేము పరిశుద్ధుల కొరకు చందా పోగుచేసినప్పుడు, తనమీద నింద రాకుండునట్లు సంఘములు ఏర్పరచిన సహోదరుని వెంట తీసికొనెను. అపొస్తలునికే సాక్షి కావలసివచ్చినప్పుడు మన కోశాధికారికి అక్కరలేదా?

చందా ఇచ్చి ఇంటికి పోవుట మనకు అలవాటు. సర్వసభ్య సమావేశమునకు కోరము నిండక వాయిదా వేయుటయు అలవాటే. ఈ ఏడు నోటీసు గుడి తలుపు మీద అంటించగానే తేదీ వ్రాసికొనుడి. వితంతువుల నిధికి ఎంత వచ్చినది, ఎవరికి ముట్టినది, ఎవరి పేరు తప్పిపోయినది అని అడుగుడి. కార్యదర్శిగారు నొచ్చుకొందురని వెనుదీయకుడి.