నాలుగు గోడల ఇల్లు

పరీక్షలు దగ్గరపడితే మన హైస్కూళ్లలో ముందు ఎగిరిపోయేది ఆటల పీరియడే కదా! కానీ న్యూజిలాండ్‌లో బడిలో పదో ఏడాది దాకా, అంటే 14, 15 ఏళ్లు వచ్చేవరకు, ఆరోగ్యం, వ్యాయామ విద్య తప్పనిసరి పాఠం. ఆపైన ఇష్టమైనవాళ్లు ఎన్‌సీఈఏ అనే హైస్కూలు అర్హత కోసం దాన్నే సబ్జెక్టుగా తీసుకోవచ్చు. కండరాలు, కీళ్లు ఎలా పనిచేస్తాయో తమ ఒంటి మీదే గమనిస్తారు.

నాకు బాగా నచ్చింది మాత్రం ‘హౌఓరా’ అనే మాట. అక్కడి మూలవాసులైన మావోరీల భాషలో ఆరోగ్యం, క్షేమం అని దానికి అర్థం. మావోరీ మానసిక వైద్యుడు మేసన్ డ్యూరీ 1980లలో ఆరోగ్యాన్ని నాలుగు గోడల ఇంటితో పోల్చారు: ఒళ్లు, మనసు, ఆత్మ, కుటుంబం. 1999 నాటి పాఠ్యప్రణాళికలోకి ఆ ఆలోచన వచ్చి చేరింది. ఈ లెక్కన చీలమండ బెణికిన పిల్లవాడికి కట్టు కట్టడమొక్కటే వైద్యం కాదు. జట్టుకు దూరమై గట్టు మీద కూర్చున్న వాడి దిగులునూ పట్టించుకోవాలి.